సెంటోస్ 7 మీద మెయిల్ సర్వర్: ఇంకెన్నాళ్లు?

ప్రశ్న: మా సంస్థలో 150 ఖాతాల మెయిల్ సెంటోస్ 7 అనే లినక్స్ మీద పోస్ట్‌ఫిక్స్ (ఉత్తరాలు పంపేది, అందుకునేది), డవ్‌కాట్ (వాటిని దాచి ఫోన్లకూ కంప్యూటర్లకూ అందించేది) అనే సాఫ్ట్‌వేర్లతో నడుస్తోంది. ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. ఉచిత మెయిల్ సాఫ్ట్‌వేర్ పని అయిపోయిందని, డబ్బు కట్టే సేవకు మారిపొమ్మని కొందరంటున్నారు. నిజమేనా? మారాల్సి వస్తే పాత ఉత్తరాలు పోకుండా ఎలా?

జవాబు: ముసలిదైంది సాఫ్ట్‌వేర్ కాదు, దాని కింద ఉన్న ఓఎస్. పోస్ట్‌ఫిక్స్ దాదాపు ఏటా కొత్త వెర్షన్ ఇస్తోంది. దాంతోపాటు అంతకు ముందటి మూడు వెర్షన్లకూ సవరణలు అందుతాయి. డవ్‌కాట్ 2.4 వచ్చింది 2025 జనవరిలో. మీ సెంటోస్ 7కి మాత్రం 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. అందులో ఎన్‌క్రిప్షన్ పని చూసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.2కి, మెయిల్ దారిలో ఎవరూ చదవకుండా కాపాడే టీఎల్‌ఎస్ పద్ధతిలోని 1.3 వెర్షన్ తెలియదు. రేపు ఏ లోపం బయటపడినా దానికి ప్యాచ్ రాదు. బయటి సర్వర్ల మెయిల్ వచ్చే 25వ పోర్టును ప్రపంచానికంతటికీ తెరిచి ఉంచే యంత్రాన్ని అలా వదిలేయకూడదు. డబ్బు కట్టే సేవకు వెళ్లడం మీ ఇష్టం, కానీ దానికి ఇది కారణం కానక్కర్లేదు.

ఎక్కడికి మారాలి? సెంటోస్ లాంటిదే అయిన అల్మాలినక్స్ 9కి 2032 దాకా భద్రతా సవరణలు వస్తాయి. అందులో డవ్‌కాట్ 2.3 ఉంటుంది కాబట్టి మీ కాన్ఫిగరేషన్ చాలావరకు పనికొస్తుంది. మరో లినక్స్ అయిన డెబియన్ 13లో ఉన్నది డవ్‌కాట్ 2.4. పాత ఫైలు దానికి అసలు ఎక్కదు: మొదటి సెట్టింగ్‌గా కాన్ఫిగరేషన్ వెర్షన్ రాయాలి, మెయిల్ చోటు చెప్పే ఒక్క లైను రెండు సెట్టింగులుగా విడిపోయింది, రెండు సర్వర్ల మధ్య నకలు నడిపే రెప్లికేటర్‌ను తీసేశారు. తీరిక తక్కువైతే అల్మాలినక్స్ 9 మేలు. ఉన్న యంత్రాన్నే అప్‌గ్రేడ్ చేయకండి, పక్కన కొత్తది నిలబెట్టండి. ఏదైనా బెడిసికొడితే వెనక్కి రావడానికి పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఉత్తరాలు మెయిల్‌డిర్ పద్ధతిలో (ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలుగా) ఉన్నాయనుకుని చెబుతున్నాం. పాత సర్వర్ నడుస్తుండగానే ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో ఒకసారి మొత్తం కాపీ చేయండి. ఫైళ్ల సమయాలు మారకూడదు, ఎందుకంటే ఉత్తరం వచ్చిన తేదీని డవ్‌కాట్ వాటినుంచే చదువుతుంది. మెయిల్ ఫైళ్ల యజమాని యూఐడీ నంబరు (లినక్స్‌లో ఒక్కో యూజర్‌కు ఉండే సంఖ్య) రెండుచోట్లా ఒకటే ఉండాలి. డీఎన్‌ఎస్ రికార్డుల (మీ సర్వర్ చిరునామా చెప్పే రికార్డుల) టీటీఎల్‌ను, అంటే ఇతరులు వాటిని గుర్తుంచుకునే గడువును, ఒకరోజు ముందే 300 సెకన్లకు దించండి. మార్చే రోజున పాత సర్వర్ క్యూ ఖాళీ అయ్యాక రెండు సేవలూ ఆపి, ఈసారి డిలీట్ ఆప్షన్‌తో (పాతచోట లేని ఫైళ్లను కొత్తచోట తీసేసేది) మళ్లీ ఆర్‌సింక్ చేయండి. ఉత్తరాన్ని చదవగానే మెయిల్‌డిర్‌లో ఆ ఫైలు పేరే మారిపోతుంది. డిలీట్ ఆప్షన్ మరిస్తే పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి మిగిలి అలా పేరు మారిన ప్రతి ఉత్తరం రెండుసార్లు కనిపిస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోచోట. ప్రతి ఫోల్డర్‌లో ఉండే డవ్‌కాట్-యూఐడీలిస్ట్ అనే చిన్న ఫైలును (ఏ ఉత్తరానికి ఏ సంఖ్యో చెప్పే జాబితా) చెత్త అనుకుని వదిలేస్తారు. అది లేకపోతే 150 మంది ఫోన్లూ కంప్యూటర్లూ మొత్తం మెయిల్‌ను మళ్లీ మొదటినుంచి దించుకుంటాయి. పాప్3 (మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పాత పద్ధతి) వాడేవాళ్లుంటే, ఉత్తరాలకు గుర్తింపు ఇచ్చే యూఐడీఎల్ ఫార్మాట్ సెట్టింగ్ కూడా పాతదే ఉంచాలి. ఇండెక్స్ ఫైళ్లు పోయినా పర్వాలేదు, డవ్‌కాట్ మళ్లీ కట్టుకుంటుంది.

సేవ గంటసేపు ఆగినా బయటినుంచి వచ్చే మెయిల్ పోదు. పంపే సర్వర్లు క్యూలో పెట్టుకుని మళ్లీ ప్రయత్నిస్తాయి, పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు. పాత ఐపీ చిరునామాను కొత్త యంత్రానికి ఇవ్వగలిగితే అదే ఉత్తమం. లేదంటే రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి సర్వర్ పేరు చెప్పేది), ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పేది) ముందే సరిచేయండి, డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) తాళంచెవిని పాతదే తీసుకెళ్లండి. మెయిల్ మామూలు చోట కాక వేరే డైరెక్టరీలో ఉంటే ఎస్‌ఈలినక్స్ అనే లినక్స్ భద్రతా కాపలా అడ్డుకుంటుంది. దాన్ని ఆపేయకండి, ఆ డైరెక్టరీకి మెయిల్ లేబుల్ ఇవ్వండి.

ప్రశ్న: కొత్త సర్వర్‌కు మారాక పాత స్కానర్ మెయిల్ పంపడం మానేసింది. పాస్‌వర్డ్ సరిగానే ఉంది.

జవాబు: అది టీఎల్‌ఎస్ 1.0 మాత్రమే తెలిసిన యంత్రం అయి ఉండాలి. అల్మాలినక్స్ 9లో క్రిప్టో పాలసీని (ఏ ఎన్‌క్రిప్షన్‌లను అనుమతించాలో చెప్పే సెట్టింగ్‌ను) పాత యంత్రాల కోసం ఉన్న లెగసీకి మార్చినా టీఎల్‌ఎస్ 1.0 రాదు. ఒక్క స్కానర్ కోసం సర్వర్ మొత్తాన్నీ బలహీనపరచడం తగదు కూడా. పోస్ట్‌ఫిక్స్‌లో లోపలి నెట్‌వర్క్‌కు మాత్రమే వినిపించే ఒక పోర్టు తెరిచి, స్కానర్ ఐపీని మాత్రమే అనుమతించి, ఎన్‌క్రిప్షన్ లేకుండా తీసుకోండి. ఆ దారిలో పాస్‌వర్డ్ అడగకండి, అది తీగ మీద బట్టబయలుగా వెళ్తుంది.

ప్రశ్న: మెయిలింగ్ లిస్టులు నడిపే మెయిల్‌మాన్ 2లో పదేళ్ల మెయిలింగ్ లిస్టులున్నాయి. వాటినీ కొత్త సర్వర్‌కు తీసుకెళ్లవచ్చా?

జవాబు: అలాగే ఎత్తి పెట్టలేరు. మెయిల్‌మాన్ 2 నడవాలంటే పైథాన్ 2 అనే ప్రోగ్రామింగ్ భాష కావాలి. పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తోనే ముగిసింది, అల్మాలినక్స్ 9లో అది లేదు. మెయిల్‌మాన్ 3కి మారాలి. ఇది పెద్ద పనే: కోర్, నిర్వహణకు పోస్టోరియస్, పాత చర్చలకు హైపర్‌కిట్టి అని మూడు భాగాలు. ఇంపోర్ట్21 ఆదేశం ఒక్కో లిస్టు సభ్యులనూ సెట్టింగులనూ తెస్తుంది, సభ్యుల పాస్‌వర్డులు మాత్రం రావు. పాత చర్చల ఎంబాక్స్ ఫైలును (ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో ఉండేది) హైపర్‌కిట్టిలోకి విడిగా ఎక్కించాలి. వాటి లింకులు మారిపోతాయి కాబట్టి పాత హెచ్‌టీఎంఎల్ పేజీలను పాత చిరునామాలోనే మామూలు ఫైళ్లుగా ఉంచండి.