తూర్పు కనుమల వయసు ఒకరు 100 కోట్ల ఏళ్ళంటారు, ఇంకొకరు 50 కోట్లంటారు, ఏది నిజం?

రెండూ నిజమేనండి, రాయిలోని ఏ ఖనిజం గింజని అడిగారు, ఆ గింజలో ఎక్కడ అడిగారు అన్నదాన్నిబట్టి ఉంటుంది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను అరకు ఘాట్ రోడ్డులో అనంతగిరి దగ్గర ఖొండలైట్ కొట్టుకొచ్చాను (కోణార్క్ గుడి కట్టింది ఎక్కువగా ఈ రాయితోనే). దాన్ని దంచి, జల్లించి, నీళ్ళలో గాలించి, బ్రోమోఫామ్ అనే బరువైన ద్రవంలో వేస్తే బరువైనవి అడుగుకి దిగుతాయి, అందులోంచి జిర్కాన్ అనే ఖనిజం గింజల్ని మైక్రోస్కోప్ కింద సూదితో ఒక్కోటీ ఏరాలి. ఆవగింజలో పదో వంతు ఉంటాయంతే. ఓ రోజు ఎవరో వచ్చి ఫ్యాన్ స్విచ్ వేశారు, నాలుగు రోజులు ఏరినవి ఎటుపోయాయో ఇప్పటికీ తెలీదు, ఆ బాధ చెప్పుకుంటే తీరేది కాదు.

జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియంని రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు లోపలున్న సీసం దాదాపు అంతా యురేనియం కాలక్రమేణా క్షయమై సీసంగా మారిందే. ఒకరకం యురేనియం సగం అవ్వడానికి 447 కోట్ల ఏళ్ళు, ఇంకోరకానికి 70 కోట్లు, ఒకే గింజలో రెండు గడియారాలన్నమాట, రెండూ ఒకే టైం చూపిస్తే ధైర్యంగా రాసుకోవచ్చు.

నాకు రిజల్ట్స్ వచ్చినప్పుడు మాత్రం గుండె జారింది, ఒకే రాయిలో పది రకాల వయసులు! ల్యాబ్‌లో ఏదో కలిసిపోయిందనుకున్నా. మా గైడ్ గారు నవ్వి గింజల ఫొటోలు మళ్ళీ చూడమన్నారు, చూస్తే చక్కెర పూత పూసిన సోంపులా లోపలో గింజ, చుట్టూ వేరే పొర. ఖొండలైట్ మొదట్లో బురద కదా, లోపలి గింజలు అంతకుముందే అరిగిపోయిన వేరే కొండలవి, అందుకే ఒక్కోటీ ఒక్కో వయసు. పై పొరలన్నీ 95-100 కోట్ల దగ్గర గుంపు కట్టాయి. ఆ బురద భూమి లోతుల్లోకి దిగి ఉడికి కొండరాయి అయిన కాలం అదీ. అరకు వైపు కొన్ని రాళ్ళు 900 డిగ్రీలు దాటాయి, తూర్పు అంటార్కిటికాలో రేనర్ అనే చోట కూడా ఇదే వయసు, అప్పట్లో రెండూ అతుక్కునే ఉండేవి.

ఇక మీ 50 కోట్లు సాధారణంగా మోనజైట్ అనే ఇంకో ఖనిజం చెప్పేది, కొన్నిచోట్ల రాయి మళ్ళీ కదిలి వేడెక్కితే జిర్కాన్ పట్టించుకోకపోయినా అది కొత్త పొర కట్టుకుంటుంది. ఒంగోలు వైపు రాళ్ళయితే ఏకంగా 160 కోట్లు, అసలు అది వేరే ముక్క అనే చెప్తారు.