గర్భసంచి ఆపరేషన్ అయ్యి 3 వారాలైనా మోషన్ ఎందుకు సాఫీగా రావట్లేదు?

ముందు మందుల చీటీ చూడండి. ట్రమడాల్ (నొప్పి మందు), ఐరన్ మాత్రలు రెండూ మలబద్ధకం తెస్తాయి. రెండోది, కుట్ల భయంతో మలద్వారం చుట్టూ ఉన్న కటి కండరాలు వదులవ్వాల్సింది పోయి బిగుసుకుంటాయి; ఇక ఎంత ముక్కినా రాదు, పైగా కుట్ల మీద ఒత్తిడి. ఇప్పుడు ఫ్లాట్లలో ఎక్కువగా కమోడ్లే కదా, పాదాల కింద 8 అంగుళాల పీట వేసుకుని, మోకాళ్లు తుంటికన్నా పైకొచ్చేలా ముందుకు వంగి, నోటితో మెల్లగా ఊపిరి వదలండి. టిఫిన్ తిన్న అరగంటలో కూర్చోండి, పేగు బాగా కదిలేది అప్పుడే. ఇసబ్‌గోల్ ఒక చెంచా, గ్లాసు నిండా నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. నీళ్లు తగ్గితే అదే అడ్డుపడుతుంది. యోని వెనక గోడను వేలితో నొక్కితేగానీ రావట్లేదా? రెక్టోసీల్ (మలాశయం యోని వైపు ఉబ్బడం) కావచ్చు, సిగ్గుపడకుండా డాక్టరమ్మకి చెప్పండి. గ్యాస్ కూడా పోక, పొట్ట ఉబ్బి వాంతులైతే పీటతో పనికాదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.