ముందు హద్దు నడవండి

(భూమి, అడవి, తీరం గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు విశాఖపట్నంలో ఉంటున్న ఒక రిటైర్డ్ సర్వేయరు జవాబులు)

ప్రశ్న: సర్వేయరు గారూ, మాది పాడేరు దగ్గర 62 గడపల ఊరు. మా అడవిని తాతల కాలం నుంచీ మేమే కాసుకుంటున్నాం. ఊళ్ళో వన సంరక్షణ సమితి ఉంది. ఇప్పుడు కొందరు వచ్చి సామూహిక పట్టాకు దరఖాస్తు పెట్టుకోమంటున్నారు. సమితి ఉండగా మళ్ళీ ఇదెందుకు? పెట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
— పాడేరు మండలం నుంచి ఒక టీచరు

జవాబు: రెండూ ఒకటి కాదమ్మా. పాలేరుకీ రైతుకీ ఉన్నంత తేడా ఉంది. సమితిని పెట్టింది అటవీ శాఖ. 1990 జూన్‌లో కేంద్రం ఇచ్చిన సర్క్యులర్‌తో దేశమంతా ఈ ఉమ్మడి పద్ధతి వచ్చింది. ఊరు కాపలా కాస్తుంది, శాఖ దయ తలిచి వాటా ఇస్తుంది. ఒక జీవోతో వచ్చింది ఇంకో జీవోతో పోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం సంగతి వేరు. ఊరు ఆనవాయితీగా కాపాడుకుంటూ వస్తున్న అడవిని కాపాడే, మళ్ళీ పెంచే, నిర్వహించుకునే హక్కు ఆ ఊరిదేనని మూడో సెక్షన్‌లో రాశారు. అడవికీ జంతువులకీ నీటికీ హాని చేసే పనిని ఆపే అధికారం ఐదో సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. ఇది పార్లమెంటు చేసిన చట్టం, ఎవరి దయా కాదు.

ఇక ఫారాల సంగతి. ఫారం ఏ ఎవరి సాగు భూమికి వాళ్ళది, నాలుగు హెక్టార్ల దాకా. ఫారం బి వాడకాలకి, అంటే చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, పశువుల మేత, గెడ్డలో (వాగులో) చేపలు. ఫారం సి అడవికే. ఇది 2012లో నియమాలు సవరించినప్పుడు వచ్చింది. చాలా ఊళ్ళు బి పెట్టి పని అయిపోయిందనుకుంటున్నాయి. మీకు కావలసింది సి. పట్టా చేతికొచ్చాక మొదట పేరు చూడండి. మొదటి విడతలో మన రాష్ట్రంలో చాలా చోట్ల సామూహిక పట్టాలు వన సంరక్షణ సమితుల పేరిట వెళ్ళాయి. మీ పట్టా మీద ఉండాల్సింది గ్రామసభ.

గ్రామసభ పెట్టి 10 నుంచి 15 మందితో అటవీ హక్కుల కమిటీ వేసుకోండి, మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలి. సభకు ఊళ్ళో సగం మంది రావాలి, వచ్చినవాళ్ళలోనూ మూడో వంతు ఆడవాళ్ళే. కనీసం రెండు రకాల ఆధారాలు చూపించాలి. అందులో పెద్దల మాట రాసి పెట్టినా చెల్లుతుంది. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పదలుచుకున్నది ఇంకోటి: దరఖాస్తు రాసే ముందు హద్దు నడవండి. మా సర్వేయర్ల కోసం ఆగకండి.

ఎందుకంటే అక్కడ తప్పు చేసినవాణ్ణి నేనే.

2009 వానాకాలం. మీ వైపే, మీ ఊరు కాదు. నాతో ఒక ఫారెస్టు ఉద్యోగి, దారి చూపడానికి ఊరి బారిక. నా చేతిలో జీపీఎస్ మిషను, తడవకుండా దానికి పాలిథిన్ సంచి. నెలాఖరుకి ఇన్ని ఊళ్ళు తేల్చాలని పైనుంచి ఒకటే టెన్షన్. తూర్పు హద్దు బాగానే నడిచాం. పడమట గెడ్డ పొంగి మోకాలు దాటి పారుతోంది. బారిక దాటేశాడు, అవతల నిలబడి రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. నేను బూట్లు చూసుకున్నాను. చెట్టు కింద కూర్చుని, పాత ఫారెస్టు మ్యాపులో ఉన్న గీతనే ఊరి హద్దుగా కలిపేశాను. పంచనామా రాశాం, వేలిముద్రలు పడ్డాయి, జీపెక్కాం.

ఆరేళ్ళ తర్వాత వేరే పని మీద అదే ఊరు వెళ్ళాను. ఒక ముసలమ్మ గుర్తుపట్టింది. చింతపండు గింజ తీస్తున్నదల్లా లేచి, రా బాబూ అని గెడ్డ దాటించింది. అది ఎండాకాలం, పాదం కూడా తడవలేదు. అవతల నడుస్తూ ప్రతి చోటికీ పేరు చెప్పింది. ఇది పులి నీళ్ళు తాగిన రాయి, ఇది కోడలు తప్పిపోయిన మలుపు, ఇది ఊట. ఊట పక్కనే శంకుదేవుడి చోటు, అక్కడ పుల్ల కూడా విరవరు. ఆ పైన వరసగా చింతచెట్లు. ఇవన్నీ నేను గీసిన గీతకి అవతల ఉన్నాయి. "ఏటి బాబూ, ఆ రోజు గెడ్డ దాటుంటే ఈ సింతచెట్లు మా కాయితంలోకి వచ్చేవి కదేటి" అంది. కోపం లేదు, ఏదో ధర అడిగినట్టు అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. సవరణ కోసం రెండు కాగితాలు రాశాను, అవి ఏ బల్ల మీద ఆగాయో తెలియదు. ఆ తర్వాత రిటైరయ్యాను.

కాబట్టి మీరు నడవండి. పూజలు చేసే దిసారినీ ఊరి పెద్ద నాయుడినీ మాత్రమే తీసుకెళ్ళకండి. అడ్డాకులు ఏరే ఆడవాళ్ళనీ పశువులు తోలే పిల్లల్నీ ముందు నడిపించండి, వాళ్ళకి తెలిసిన మూలలు పెద్దలకు తెలియవు. పక్క ఊళ్ళవాళ్ళని ముందే పిలవండి, లేకపోతే వాళ్ళ అభ్యంతరం దగ్గరే ఫైలు ఆగుతుంది. ప్రతి మలుపులో ఆగి పేరు రాసుకోండి, ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు నోట్ చేసుకోండి. మీరు టీచరు కాబట్టి ఐదో క్లాసు పిల్లలకే ఈ పని అప్పగించొచ్చు. తర్వాత కమిటీ పరిశీలనకి రెవెన్యూ, ఫారెస్టువాళ్ళకి నోటీసు ఇవ్వండి. వచ్చినవాళ్ళు అక్కడికక్కడే సంతకం పెట్టాలి. సబ్ డివిజన్ కమిటీ కాదంటే కారణం రాసి ఇవ్వమనండి. జిల్లా కమిటీకి వెళ్ళడానికి 60 రోజులు గడువుంటుంది.

గెడ్డ పొంగిన రోజు మాత్రం ఎవరి చేతా సంతకం పెట్టించకండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఉన్న మా అబ్బాయి, అక్కడి సముద్రంలో చుమాష్ అనే ఆదివాసుల పేరు మీద పెద్ద రక్షిత ప్రాంతం పెట్టారని చెప్పాడు. వినడానికి బాగుంది. కానీ మన ఏజెన్సీలో అడవి మొత్తం ఊళ్ళ చేతిలో పెడితే పోడు కొట్టి తగలబెట్టరా?
— ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. ఉత్తర చుమాష్ తెగల మండలి 2015లో ప్రతిపాదన పెట్టింది, 2024లో రక్షిత సముద్ర ప్రాంతంగా ప్రకటించారు, 4,543 చదరపు మైళ్ళు. పేరు వాళ్ళది, ఆలోచన వాళ్ళది. నిర్వహణ మాత్రం కేంద్ర ప్రభుత్వ సంస్థది, తెగలు దానితో కలిసి పనిచేస్తాయి. అమెరికాలోనే యూటా రాష్ట్రంలో బేర్స్ ఇయర్స్ అని ఇంకో చోటు ఉంది. ఐదు తెగలు అడిగితే 2016లో ఒక అధ్యక్షుడు రక్షిత భూమిగా ప్రకటించాడు. మరుసటి ఏడాది ఇంకో అధ్యక్షుడు అందులో సుమారు 85 శాతం కోసేశాడు. 2021లో మూడో ఆయన తిరిగి కలిపాడు. ఒక్క సంతకంతో పెరుగుతుంది, తరుగుతుంది. కాగితం వరకూ చూస్తే మన 2006 చట్టమే గట్టిది. అమలు మాట ఎత్తకండి.

పోడు గురించి మీ భయాన్ని కొట్టిపారేయను. నిటారు వాలు మీద ఏటా అదే చోట కొడితే మట్టి గెడ్డలోకి పోతుంది, నేను చూశాను. కానీ పాత పోడు అలా కాదు. కొట్టిన చోటుని ఏళ్ళ తరబడి వదిలేసేవాళ్ళు, అడవి మళ్ళీ లేచేది. తిరగడానికి చోటు తగ్గి, రేపు ఈ భూమి నాదో కాదో తెలియనప్పుడు ఎవడు వదులుతాడు? హక్కు చేతికొచ్చాక ఏం జరిగిందో మీరు అరకు వెళ్ళినప్పుడు చూడొచ్చు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియం తీగ, ఒకప్పటి పోడు వాలు మీద. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది అడవికి సాటి అని నేననను, కానీ బోడి కొండ కాదు.

ఊరి చేతిలో అడవి ఎలా ఉంటుందో చూడాలంటే మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా లేఖా ఉంది. 2009లో సుమారు 1,800 హెక్టార్లకి సామూహిక హక్కు వచ్చింది. ఆ అడవిలో వెదురు బయటికి పంపడానికి పర్మిట్ పుస్తకం ఎవరు రాయాలన్న దగ్గర పేచీ పడి, 2011లో గ్రామసభ చేతికి దక్కింది. మనకి దగ్గరలో ఒడిశా నియమగిరి. సుప్రీంకోర్టు చెప్పిన మీదట 2013లో 12 ఊళ్ళు సభలు పెట్టి, బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండూ చెప్పాయి. కొండ ఇంకా అక్కడే ఉంది.

అన్నట్టు, కాలిఫోర్నియా దాకా ఎందుకు? మీ ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో పెదజాలరిపేట ఉంది. చివరి ప్రశ్న అక్కడిదే.

ప్రశ్న: సమతా తీర్పు ఇంకా అమల్లో ఉందా? కాలేజీలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.
— అనంతగిరి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఉంది. మీ అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద వచ్చిన కేసే అది. ఏజెన్సీ భూమి గిరిజనేతర వ్యక్తికి పోకూడదన్న 1/70 చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా అని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రైవేటు కంపెనీలకి లీజు చెల్లదు. ప్రభుత్వ సంస్థ తవ్వితే చెల్లుతుంది. ఆ సందులోంచే 2015లో జెర్రెల, చింతపల్లి వైపు 1,212 హెక్టార్లలో బాక్సైట్ తవ్వకానికి 97వ నంబరు జీవో వచ్చింది. ఏజెన్సీ అంతా కదిలింది, 2019లో రద్దయింది. పరీక్షలో రాసేటప్పుడు ఆ సందు గురించి కూడా రాయి బాబూ, మార్కులు అక్కడే ఉంటాయి.

ప్రశ్న: మా తాత, మా నాన్న, నేను అందరం చేపల వేటగాళ్ళమే. ఏటా 61 రోజులు వేట ఆపుతాం. ఒడ్డున తాబేలు గుడ్లు పెడితే కబురు చెప్పేది మేమే. అయినా ఒడ్డు మీద ఏం కట్టాలన్నా, సముద్రంలో ఏ రూలు పెట్టాలన్నా మమ్మల్ని అడిగే నాథుడు లేడు. అడవివాళ్ళకున్నట్టు మాకూ హక్కుల చట్టం ఉందా?
— పెదజాలరిపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: లేదయ్యా. ఉందని చెప్పాలనే ఉంది కానీ లేదు. సముద్రం మీద సాంప్రదాయ మత్స్యకారుల హక్కుని గుర్తించే కేంద్ర చట్టం ఇంతవరకూ రాలేదు. ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా వేట రాష్ట్రం చేతిలో. అక్కడి నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా కేంద్రం చేతిలో. ఊరి సభకు ఇందులో ఎక్కడా చోటు లేదు.

ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. మొదటిది, 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం. దాని కింద ఒడ్డుకి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడకూడదు, ఆ పట్టీ మీ తెప్పలది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మీరు చెప్పే 61 రోజుల విరామం. ఈ 8 కిలోమీటర్ల రూలు మనుషుల కోసమే అనుకుంటారు. నన్నడిగితే తాబేళ్ళకి కూడా అదే పెద్ద రక్ష. ఒడ్డుకొచ్చే తాబేలు మరబోట్లు లాగే ట్రాలు వలలో చిక్కిందంటే ఊపిరాడక చస్తుంది. కానీ రూలుకి కాపలా ఎవరు? 2022 జనవరిలో రింగు వలల (చేపల గుంపుని చుట్టేసే పెద్ద వలల) గొడవ మీ కళ్ళ ముందే జరిగింది, పడవలు తగలబడ్డాయి. రెండు వైపులా ఉన్నది మీ వాళ్ళే. గీత సముద్రం మీద ఉంటుంది, ఎవరికీ కనబడదు. ఒడ్డున కూర్చున్న నాలాంటి వాడికి అసలే కనబడదు.

రెండోది తీర ప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్. మొదట 1991లో వచ్చింది, తర్వాత 2011, ఇప్పటిది 2019. అందరూ దాన్ని హోటళ్ళూ బిల్డింగుల గొడవగా చూస్తారు. అందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. తీర ప్రణాళిక తయారుచేసేటప్పుడు మత్స్యకారుల ఊళ్ళు, ఉమ్మడి స్థలాలు, చేపలు ఎండబెట్టే చోట్లు పెద్ద స్కేలు మ్యాపు మీద చూపించాలి. సుమారు 1:4,000 స్కేలు, అంటే మీ నలభై మీటర్ల పడవల రేవు కాగితం మీద ఒక సెంటీమీటరు. నీళ్ళలో వేట జాగాలు, చేపలు గుడ్లు పెట్టే జాగాలు కూడా గుర్తించాలి. ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరం చెప్పుకునే గడువు ఉంటుంది. ఆ రోజుకి మీ దగ్గర మీ మ్యాపు లేకపోతే వాళ్ళ మ్యాపే ఖాయమవుతుంది. నేను గెడ్డ దాటని కథ పైన రాశాను, అదే ఇక్కడా జరుగుతుంది.

ఒకసారి మీ పేట పెద్దాయన ఒకరితో తెప్ప మీద వెళ్ళాను, సరదాకి. నాకు కడుపులో తిప్పుతోంది, ఆయనకి కబుర్లు. ఒక చోట ఇంజను ఆపి, చేత్తో కొండలు చూపించాడు. ఈ కొండ కొస ఆ గుడి మీదకొచ్చి, అటు డాల్ఫిన్స్ నోస్ కొండ ఇంత విడిగా కనబడితే కింద రాతి మెట్ట ఉంటుందట. తాడుకి రాయి కట్టి వదిలాడు, బారలు లెక్కపెట్టాడు, మెట్ట తగిలింది. రెండు దిక్కుల గీతలు కలిసే చోటు పట్టుకోవడం మా సర్వేలో మొదటి పాఠం. నేను దాన్ని ట్రైనింగ్‌లో ఆరు నెలలు నేర్చుకున్నాను. ఆయన మాత్రం తిరిగొస్తూ ఒక్క మాటకి దిగులు పడ్డాడు. ఒడ్డున కొత్త అపార్టుమెంట్లు లేచి ఒక గురుతు కనబడటం లేదట.

ఆ గురుతులన్నీ ఆ పెద్దాయన తలలో మాత్రమే ఉన్నాయి. ఆయన వయసు వాళ్ళు మీ పేటలో ఇంకెంతమంది ఉన్నారు? వాళ్ళని కూర్చోబెట్టి ప్రతి మెట్ట పేరు, ఎన్ని బారల లోతు, ఏ కొండ ఏ గుడి మీదకి రావాలి, ఏ నెలలో ఏ చేప, అన్నీ రాయించండి. ఒడ్డున పడవలు లాగే చోటు, వలలు బాగుచేసే చోటు, గంగమ్మ గుడి, తాబేళ్ళు ఎక్కే ఇసుక కూడా. కుర్రాళ్ళ ఫోన్లలో జీపీఎస్ ఉంది, వాళ్ళు పాయింట్లు పట్టుకుంటారు. దాన్ని మ్యాపుగా గీసే పని నాది, ఫీజు ఏం లేదు. ఆదివారం వేట నుంచి వచ్చి, చేపలు అమ్ముకున్నాక కబురు పెట్టండి, ట్రేసింగ్ కాగితం, స్కేలు పట్టుకుని వస్తాను. ఈసారి తెప్ప ఎక్కమన్నా ఎక్కుతాను, కాకపోతే ఒక నిమ్మకాయ ఉంచండి.