నల్ల పొలుసుల బొలీట్‌ను గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: ఓక్, పైన్ చెట్లు కలిసి పెరిగిన అడవిలో ఒంటినిండా నల్లటి పొలుసులున్న పుట్టగొడుగు కనిపించింది. టోపీ కింద మొప్పలు లేవు, స్పాంజిలా రంధ్రాలున్నాయి. టోపీ కింద ఇలా రంధ్రాలుండే బొలీట్‌లలో ఇది అరుదైనదని స్నేహితుడు అంటున్నాడు. ఫోటో పంపుతున్నాను. పేరు చెప్పగలరా?

జవాబు: మీ ఫోటో చూసి ఎంత సంతోషం వేసిందో! టోపీ అంచున వేలాడుతున్న బూడిదరంగు పీలికలు చూశారా? లేతగా ఉన్నప్పుడు రంధ్రాలను కప్పి ఉంచిన పొర చిరిగి అలా మిగులుతుంది. కాడ మీదా అదే నూగు. ఇవన్నీ స్ట్రోబిలోమైసెస్ ప్రజాతి గుర్తులే.

అయినా ఫోటోతో సరిపెట్టుకోవద్దు. మళ్లీ దొరికితే ఒక్కటే, కాడ మొదలుతో సహా తీసి, నిలువుగా కోయండి. తెల్లటి కండ నిమిషాల్లో ఎర్రబారి, తర్వాత మెల్లగా నల్లబడాలి. చాలా బొలీట్‌లు కోస్తే నీలం తిరుగుతాయి, ఇది తిరగదు. ఆ తర్వాత టోపీని రంధ్రాలు కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం మీద రాలిన సిద్ధబీజాల పొడి నలుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. ఎక్కువ బొలీట్‌లలో అది ఆలివ్ గోధుమరంగు. నేను అన్నిటికన్నా నమ్మేది ఈ పరీక్షనే.

ఇక కచ్చితంగా ఏ జాతి? ఇక్కడ మైక్రోస్కోప్ తప్పదు. స్ట్రోబిలేసియస్ జాతి సిద్ధబీజాల మీద వల అల్లినట్టు గీతలుంటాయి. దానికి దగ్గరి చుట్టమైన కన్ఫ్యూసస్‌లో ఆ వల పూర్తిగా అల్లుకోదు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి కంటితో చూసి జాతి పేరు పెట్టడం నాకిష్టం లేదు.

అరుదా అంటే, అది మీరున్న చోటును బట్టి. యూరప్‌లో చాలాచోట్ల అరుదే, ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లో అంత అరుదు కాదు. అందుకే ఎక్కడ దొరికిందో రాయండి, చుట్టూ ఉన్న చెట్ల పేర్లన్నీ రాయండి. ఈ శిలీంధ్రం బతికేది చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని. మిశ్రమ అడవిలో వేళ్లు చాలా దూరం పాకుతాయి, పక్కనున్న చెట్టే దాని చెట్టు అనుకోలేం.

తినొచ్చా అని మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. కోస్తే నీలం తిరగనివన్నీ తినొచ్చన్న మాట నమ్మకండి. జాతి తేలనిదేదీ నోట్లో పెట్టుకోవద్దు.