చవక బ్లాడర్ కొనేటప్పుడు ముందు మూత చూడండి

ప్రశ్న: డిసెంబరులో ఫ్రెండ్స్‌తో కలిసి హిమాలయాల్లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నాను. దానికి ముందు అలవాటు కోసం నాగలాపురం కొండల్లో ఒకసారి నడవాలని ప్లాన్. బ్యాగులో పెట్టుకుని పైపుతో తాగే నీళ్ల సంచి, అదే హైడ్రేషన్ బ్లాడర్, కొందామంటే ఆన్‌లైన్‌లో వందల్లోనూ ఉన్నాయి, వేలల్లోనూ ఉన్నాయి, ఫొటోల్లో చూస్తే అన్నీ ఒకటే. నా బడ్జెట్ వెయ్యి. చవకది కొంటే బ్యాగులో కారి బట్టలన్నీ తడుస్తాయేమోనని టెన్షన్. ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు మూత చూడండి. బ్రాండు, రంగు, ఎన్ని పొరలున్నాయి అన్నవి తర్వాత. మూత తీస్తే మీ చెయ్యి లోపలికి, అడుగు దాకా పోవాలి. చవక బ్లాడర్లు కారి పాడైపోవడం కంటే, కడగడం కుదరక, ఆరక, లోపల బూజు పట్టి అటక మీదికి చేరడమే ఎక్కువ. అందుకే వెయ్యి లోపు అయితే నేను పైభాగం మొత్తం తెరుచుకుని, మడిచి, పైన ప్లాస్టిక్ పట్టీ జరిపి మూసే రకాన్నే తీసుకోమంటాను. లోపలికి గుడ్డ పెట్టి తుడవొచ్చు, తిరగేసి ఆరబెట్టొచ్చు. ఆ పట్టీ సంచికి తాడుతో కట్టి లేకపోతే మీరే ఒక దారం కట్టేయండి, ఎందుకంటే వాగు దగ్గర నీళ్లు పట్టుకునేటప్పుడు అది జారిపోయిందంటే ఇక ఆ సంచి ఎందుకూ పనికిరాదు. తిప్పి బిగించే గుండ్రటి మూత ఉన్నవి కుళాయి కింద పట్టుకోవడానికి సులువే గానీ, చవక వాటిలో మరలు వంకరగా కూర్చుంటాయి, బిగించామనే అనుకుంటాం, పడుకోబెట్టగానే చుక్క చుక్కగా మొదలవుతుంది.

తర్వాత మెటీరియల్. బీపీఏ ఫ్రీ, అంటే బీపీఏ అనే ప్లాస్టిక్ రసాయనం లేదని, దాదాపు అందరూ రాస్తారు, అక్కడే ఆగిపోకండి. అది ఏ రకం ప్లాస్టికో చూడండి. టీపీయూ అని ఉంటే తీసుకోండి, మెత్తగా ఉంటుంది, మడిచినా తొందరగా పగలదు, నీళ్లకు ప్లాస్టిక్ రుచి తక్కువ. పీఈవీఏ అయినా నడుస్తుంది, మొదట్లో కాస్త వాసన ఉంటుంది. పీవీసీ మాత్రం వద్దు. దేంతో చేశారో ఎక్కడా రాయలేదంటే అదీ వద్దు.

మూడోది పైపు. సంచి అడుగున పైపు కలిసే చోట ఒక చిన్న రబ్బరు వాషర్ ఉంటుంది, కారేది ఎక్కువగా అక్కడే. బటన్ నొక్కితే పైపు ఊడొచ్చి, సంచి వైపు నీళ్లు వాటంతటవే ఆగిపోయే రకం దొరికితే అదృష్టం. నోట్లో పెట్టుకుని కొరికితే నీళ్లొచ్చే వాల్వ్‌కి ఆన్-ఆఫ్ లాక్ తప్పకుండా ఉండాలి. అది లేకపోతే బ్యాగు కింద పెట్టి మీరు దాని మీదే కూర్చున్నప్పుడు తెలుస్తుంది.

అసలు ఈ వస్తువు పుట్టిందే చవకగా. 1989లో టెక్సస్‌లో మండుటెండలో జరిగే వంద మైళ్ల సైకిల్ పందెంలో, అంబులెన్స్ ఉద్యోగం చేసే మైకేల్ ఈడ్సన్ అనే ఆయన సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని పొడుగాటి సాక్సులో దోపి, వీపుకు తగిలించుకుని, పైపు భుజం మీదుగా తెచ్చుకుని తాగుతూ తొక్కాడు. కామెల్‌బాక్ కంపెనీ అలా మొదలైంది. ఒక సంచి, ఒక గొట్టం, అంతే సంగతి. కాబట్టి ఎక్కువ డబ్బు పెట్టాల్సి వస్తే అతుకులకీ వాల్వ్‌కీ పెట్టండి, కొలత గీతలకీ కవర్లకీ కాదు.

సైజు 2 లీటర్లు చాలు. నిండా పోస్తే అదే రెండు కిలోల బరువు, 3 లీటర్లదైతే వీపు వైపు ఉబ్బి బ్యాగు సరిగ్గా ఆనదు. మీ బ్యాగులో బ్లాడర్ కోసం విడిగా అర లేకపోతే ల్యాప్‌టాప్ అర ఉంది కదా, అందులో నిలబెట్టి పైపు జిప్పు పక్కనుంచి బయటికి తీయండి. నింపాక సంచిని తలకిందులు చేసి పైపుతో గాలి మొత్తం పీల్చేయండి, నడుస్తుంటే వీపు వెనక గుడగుడమని ఆ మోత ఉండదు.

వచ్చిన రోజే పరీక్ష పెట్టండి, రిటర్న్ గడువు దాటనివ్వకండి. నిండా నీళ్లు పోసి, లాక్ వేసి, న్యూస్‌పేపర్ మీద పడుకోబెట్టి, పైన ఐదు కిలోల బియ్యం సంచి పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే పేపరు తడిసిందంటే ఆలోచించకుండా వాపసు పంపించండి. పొడిగా ఉంటే గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి ఇంకో రాత్రి ఉంచి కడగండి, కొత్త వాసన చాలావరకు పోతుంది. వీలైతే డెకాథ్లాన్ లాంటి షాపుకి వెళ్లి చేత్తో మూత తీసి, మూసి చూసి కొనుక్కోండి, మూత సంగతి ఫొటోల్లో తేలేది కాదు.

నాగలాపురానికి అటవీ శాఖ అనుమతి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి, అక్కడ ఎండలో ఈ బ్లాడర్ బ్రహ్మాండంగా పనికొస్తుంది. కేదార్‌కంఠ సంగతి వేరు. పన్నెండు వేల అడుగులు దాటిన ఎత్తు, పైగా శిఖరానికి తెల్లవారకముందే బయల్దేరతారు. సంచిలో నీళ్లు బాగానే ఉంటాయి గానీ సన్నటి పైపులో నీళ్లు ముందు గడ్డకడతాయి, వాల్వ్ రాయిలా అయిపోతుంది. తాగిన ప్రతిసారీ పైపులోకి ఊది నీళ్లను వెనక్కి పంపి, పైపుని జాకెట్ లోపల దాచుకుంటే కొంతవరకు ఆగుతుంది. నన్నడిగితే శిఖరం రోజున బ్లాడర్ క్యాంపులోనే వదిలేసి, ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకెళ్లండి. ఆ వేడినీళ్లు బ్లాడర్‌లో మాత్రం పోయకండి, చవక రకాలు తట్టుకోలేవు.

ప్రశ్న: బ్లాడర్‌లో ఓఆర్ఎస్ కలుపుకోవచ్చా? మా అన్నయ్య మజ్జిగ కూడా పోసుకోవచ్చంటున్నాడు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ అన్నయ్యగారు పోసుకుంటే ఆయనే కడగాలని ముందే చెప్పేయండమ్మా. మజ్జిగ, రసాలు, గ్లూకోజు పొడి ఏవీ వద్దు, పైపు లోపల జిగట పట్టి రెండో రోజుకే కంపు కొడుతుంది. ఓఆర్ఎస్ వేరే సీసాలో కలుపుకోండి. దాని పొట్లం మీద ఎన్ని నీళ్లలో కలపాలో రాసి ఉంటుంది, బ్లాడర్‌లో ఎన్ని మిగిలాయో కనపడని చోట ఆ లెక్క కుదరదు కూడా.

ప్రశ్న: పైపు లోపల నల్ల చుక్కలొచ్చాయి. పారేయాలా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అది బూజు. పైపుకి సరిపోయే సన్న బ్రష్‌తో, వంటసోడా నీళ్లతో తోమి చూడండి, మరకలు పోకపోతే పైపు ఒక్కటే మార్చుకోండి, విడిగా దొరుకుతుంది. ఈసారి ట్రెక్ నుంచి రాగానే కడిగి, లోపలి గోడలు ఒకదానికొకటి అంటుకోకుండా గరిటె ఏదైనా అడ్డం పెట్టి, పైపుని నిలువుగా వేలాడదీయండి. మీ ఊళ్లో గాలిలో తేమకి అది ఎప్పటికీ ఆరదనుకుంటే, నీళ్లు వంపేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి, చలిలో బూజు పెరగదు.