సమాధానం: వెల్ష్‌లో ‘వెళ్ళకు’ అనడానికి ‘పైడ్యో’ ఎందుకు కావాలి?

వేల్స్‌లోని పార్కింగ్ బోర్డులపై ‘డిమ్ పార్క్యో’ అని చూసి, అదే పద్ధతిలో ‘వెళ్ళకు’ అనడానికి ‘డిమ్ మిండ్’ అని రాశానని, గురువుగారు దానిని దిద్దారని మీరు తెలిపారు. బోర్డుపై ఉన్నది ‘పార్కింగ్ లేదు’ అనే సాధారణ నిషేధం మాత్రమే. ఎదుటి మనిషిని ఉద్దేశించి వద్దనాలంటే ‘మానుట’ అనే అర్థమున్న ‘పైడ్యో’ క్రియను విధిరూపంలో వాడాలి.

చనువున్న ఒక్కరితో ‘పైడ్ ఆ మిండ్’ అనాలి; పెద్దలతోనైనా, పలువురితోనైనా ‘పైడ్యుఖ్ ఆ మిండ్’ అనాలి. మన ‘వెళ్ళకు’, ‘వెళ్ళకండి’ మధ్య ఉన్న తేడాయే ఇది కనుక మనకు ఇందులో కష్టమేమీ లేదు.

అసలు చిక్కు ఆ ‘ఆ’ అనే చిన్నమాటతోనే వస్తుంది. దాని తరువాత వచ్చే క, ప, త ధ్వనులు ఊది పలికేవిగా మారతాయి కనుక, ‘పాడు’ అనే అర్థమిచ్చే ‘కని’ కాస్తా ‘పైడ్ ఆ ఖని’ అవుతుంది, ‘చింతించు’ అనే ‘పోయ్‌ని’ ‘పైడ్ ఆ ఫోయ్‌ని’ అవుతుంది. అచ్చు ముందైతే ‘ఆ’ బదులు ‘అగ్’ వస్తుంది. మాటల్లో చాలామంది ఆ ‘ఆ’ను మింగేస్తారు గాని, పరీక్షలో మాత్రం రాయడమే క్షేమం.

ఇక ‘వెళ్ళవద్దని ఆమె నాతో చెప్పింది’ వంటి వాక్యాల్లోనూ ఇదే క్రియ పనికివస్తుంది. అక్కడ ‘అమ్’ అనే మాట తరువాత మొదటి ధ్వని మెత్తబడి ‘అమ్ బైడ్యో ఆ మిండ్’ అవుతుంది. తెలుగులో ‘వెళ్ళకుండా ఉండమని’ అన్నట్లే.