మా అమ్మాయి సివిల్ చదివింది, సైటు పనికి పంపనా?

ప్రశ్న: నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇరవై ఏళ్ళ పైనుంచి తాపీ పనికి కూలికెళ్తున్నానండి. మాలు కలపడం, ఇటుకలందించడం, గోడలకి నీళ్ళు కొట్టడం నా పని. మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో సివిల్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాశ్మీర్లో చినాబ్ వంతెన కట్టిన మేడం గారి గురించి పేపర్లో చదివి, తనూ అలాగవుతానని, బీటెక్‌లో చేరడానికి ఈసెట్ పరీక్ష రాస్తానని అంటోంది. మా అన్నయ్యేమో ఆడపిల్లకి సైటు పనేంటి, కంప్యూటర్ కోర్సు చేయించి హైదరాబాద్ పంపమంటున్నాడు. తెలిసిన కాంట్రాక్టరు ఒకాయన ఇప్పుడే సూపర్‌వైజరుగా పెట్టుకుంటానంటున్నాడు. నా భయం ఒక్కటేనండి. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళు కట్టామో లెక్క లేదు. గృహప్రవేశం రోజున మేస్త్రికి బట్టలు పెడతారు, మాకు భోజనం పెడతారు. నేనేం చేశానో ఎవరికీ తెలీదు. ఇంత చదివి మా పిల్ల కూడా అలాగే మిగిలిపోతుందా?

జవాబు: అమ్మా, ఏ కోర్సు, ఏ ఉద్యోగం అన్నది తర్వాత చెప్తాను. మీ ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతా నిర్ణయాలన్నీ దానిమీదే ఆధారపడి ఉన్నాయి.

మీరు చేసేది చిన్న పని కాదమ్మా. కాంక్రీటు ఎలా వేయాలో చెప్పే ఐఎస్ 456 అనే ప్రమాణం ఒకటుంది, మీ అమ్మాయి పుస్తకంలోనూ ఉంటుంది. మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ లాంటి సిమెంటుకైతే కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలని అందులో రాసి ఉంది. ఇప్పుడు ఇళ్ళకు ఎక్కువగా వాడేది ఈ పీపీసీయే. ఆ పది రోజులూ స్లాబు మీద మళ్ళు కట్టి నీళ్ళు నిలబెట్టేదెవరు? మే నెల ఎండలో పొద్దున్నా సాయంత్రమూ స్తంభాలకు తడి గోనెలు చుట్టేదెవరు? ఎంత మంచి సిమెంటు తెచ్చినా, ఎంత ఇనుము పోసినా, ఆ తడి లేకపోతే కాంక్రీటుకు రావాల్సిన బలం రాదు, పైపొర గుల్లబారి పగుళ్ళిస్తుంది. పని తేలికవుతుందని మాలులో నీళ్ళు ఎక్కువ పోస్తే బలం తగ్గుతుందని మీ చేతులకు తెలుసు. ఆ సంగతినే మీ అమ్మాయి నీరు, సిమెంటు నిష్పత్తి అని చదువుకుంది. కోనసీమలో ఎన్నో ఇళ్ళు వానకు, ఉప్పు గాలికి తట్టుకుని నిలబడ్డాయంటే, వాటికి వేళకు నీళ్ళు పట్టిన ఆడవాళ్ళు ఆ బలంలో భాగస్తులు.

మరి ఎవరికీ ఎందుకు తెలీదు? ఎక్కడా రాయలేదు కాబట్టి. మేస్త్రి పని చదరపు అడుగుల్లో లెక్కకొస్తుంది, కాంట్రాక్టరు పని బిల్లులోకి ఎక్కుతుంది. మీ పని "ఆడకూలీలు నలుగురు" అన్న ఒక్క ముక్కతో ముగిసిపోతుంది. నిర్మాణ రంగంలో ఆడవాళ్ళకు గుర్తింపు కావాలంటే సభలు పెట్టి శాలువాలు కప్పడం ఒక్కటే చాలదని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరు, ఏ పని, ఎప్పుడు చేశారో కాగితం మీదికి రావాలి. మీ అమ్మాయికి దారి చూసేటప్పుడు కూడా నేను చూసేది ఇదే: తన పని తన పేరుతో నమోదయ్యే చోటికి చేరాలి.

తనకు నచ్చిన ఆ మేడం సంగతే చూడండి. ప్రొఫెసర్ జి. మాధవీలత గారు పుట్టింది ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు అనే పల్లెలో. సివిల్‌లో బీటెక్ చదివింది మన కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీలోనే, 1992లో పూర్తి చేశారు. తర్వాత వరంగల్‌లో ఎంటెక్, మద్రాసు ఐఐటీలో పీహెచ్‌డీ చేసి, బెంగళూరు ఐఐఎస్సీలో ఆచార్యులయ్యారు. 2025 జూన్ 6న ప్రారంభమైన చినాబ్ రైలు వంతెన నది మట్టానికి 359 మీటర్ల ఎత్తున ఉంది. ఆ పనితో ఆవిడ అనుబంధం 17 ఏళ్ళు. కొండ వాలు జారిపోకుండా నిలబెట్టడం, పునాదులకు సలహా ఇవ్వడం ఆవిడ వంతు. అక్కడి రాయి పగుళ్ళు పగుళ్ళుగా ఉంటుంది. తవ్వుతుంటే ముందు అనుకున్నదొకటి, కనిపించేదొకటి. కనిపించిన రాయిని బట్టి డిజైన్‌ను ఎప్పటికప్పుడు మార్చుకుంటూ వెళ్ళారు.

వంతెన ప్రారంభమయ్యాక దేశమంతా ఆవిడ పేరు మారుమోగింది. అప్పుడు ఆవిడ స్వయంగా కలగజేసుకుని, అనవసరంగా తనను గొప్ప చేయవద్దని, మెచ్చుకోదగిన వేలమందిలో తానొకరినని చెప్పారు. తన వంతు ఏమిటో కూడా స్పష్టంగా చెప్పారు. మా కూతుళ్ళు మీలా కావాలని ఎంతోమంది తండ్రులు తనకు రాశారనీ చెప్పారు. మీ అమ్మాయి ఆ ఫొటోతో పాటు ఈ మాటల్నీ దాచుకోవాలి. ఆ వేలమందిలో రాళ్ళు మోసినవాళ్ళూ ఉన్నారు, మీలాంటివాళ్ళు. తన పని ఇంతవరకు అని కచ్చితంగా చెప్పగలిగిన మనిషికి వచ్చే గౌరవం ఎవరూ లాక్కోలేనిది.

ఆడపిల్లకు సైటేంటి అన్న మాట మీ అన్నయ్యగారితో మొదలైంది కాదు. అయ్యలసోమయాజుల లలిత గారని తెలుగింటి ఆడపడుచు, పద్దెనిమిదేళ్ళకే భర్త పోయి, చేతిలో నెలల పాపతో మిగిలారు. అలాంటి స్థితిలో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి 1943లో పట్టా అందుకున్నారు. భాక్రా నంగల్ ప్రాజెక్టుకు విద్యుత్ లైన్ల డిజైన్లలో పనిచేశారు. ఆ రోజుల్లోనే అదే కాలేజీలో సివిల్ చదివిన పి.కె. త్రేసియా గారు 1971లో కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజినీరయ్యారు. ఈ రెండు పేర్లూ మన పిల్లల పాఠాల్లో ఎందుకు ఉండవో నాకు ఇప్పటికీ బాధే. ఉంటే మీ ఉత్తరంలో సగం భయం ఉండేది కాదు.

అయినా మీ అన్నయ్యగారి మాటను నేను కొట్టిపారేయను. సైటులో కష్టాలు నిజం. స్లాబు పని మొదలైతే మధ్యలో ఆపరు, రాత్రి పదైనా పూర్తి చేయాల్సిందే. బాత్‌రూమ్ లేని సైట్లు ఇంకా ఉన్నాయి. వయసులో పెద్ద మేస్త్రి ఒక పట్టాన అమ్మాయి మాట వినడు. బదిలీలుంటాయి. మొదటి రెండు మూడేళ్ళు జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ళతో పోల్చుకుంటే తక్కువే. ఇవన్నీ తెలిసి మీ అమ్మాయి సరేనంటే, ఆపే హక్కు మేనమామకు లేదని మీరే నెమ్మదిగా చెప్పాలి. కంప్యూటర్ మీద ఆయనకున్న గురి మాత్రం వృథా పోదు. ఆటోక్యాడ్, స్టాడ్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు, ఖర్చు లెక్కగట్టే ఎస్టిమేషన్ బాగా నేర్చుకున్న సివిల్ ఇంజినీరుకు సైటులోనూ, డిజైన్ ఆఫీసులోనూ చోటుంటుంది. పెళ్ళయి పిల్లలు పుట్టాక కొన్నాళ్ళు సైటుకు దూరంగా ఉండాల్సొచ్చినా వృత్తి తెగిపోదు. ఒక్క విషయం మీ ఇద్దరికీ తెలిసుండాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. అంతకన్నా చిన్న చోట్ల పనిచేసేవాళ్ళకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఇది మీకూ వర్తిస్తుంది, మీ అమ్మాయికే కాదు.

ఇక అసలు నిర్ణయం. ఈసెట్ రాయించండి. డిప్లొమా చేసినవాళ్ళు ఈసెట్ ర్యాంకుతో బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు, మూడేళ్ళలో పట్టా చేతికొస్తుంది. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు రిజర్వు చేసి ఉంటాయి. డబ్బు గురించి మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ళ ప్రగతి స్కాలర్‌షిప్ ఆడపిల్లల కోసమే ఉంది. ఈసెట్‌తో రెండో సంవత్సరంలో చేరినవాళ్ళకూ వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి. ఎంపిక మార్కులను బట్టి కాబట్టి ఆఖరి సెమిస్టర్‌ను తేలిగ్గా తీసుకోవద్దని చెప్పండి. ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి, సీటొచ్చాక పరుగులు పెట్టే పని ఉండదు.

బీటెక్‌లో ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు మట్టి, పునాదుల మీద పనిచేయమనండి. మాధవీలత గారు ఎదుర్కొన్నది రాయి. మనకు రాయే లేదు. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళొస్తాయి. నల్లరేగడి బంకమట్టి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం పగుళ్ళిస్తుంది, పైనున్న గోడ కూడా దానితోపాటే చీలుతుంది. ఇలాంటి నేలలకే అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్-రీమ్డ్ పైల్స్ వేస్తారు. అంతర్వేది వైపు సముద్రపు గాలికి కాంక్రీటులోపలి ఊచలు తుప్పుపట్టి పెచ్చులూడిపోవడం మీరు చూసే ఉంటారు. తీరంలో గాలికి ఎదురుగా నిలబడే కట్టడాలకు ఊచ మీద కాంక్రీటు మందం 45 మిల్లీమీటర్లైనా ఉండాలని అదే ఐఎస్ 456 చెప్తుంది. ఎంతమంది మేస్త్రులు అంత వదులుతున్నారు? కోటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళే రైలు మార్గానికి గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయల మీదా వంతెనలు కావాలి. ఈ నేల గుణం చిన్నప్పటి నుంచీ ఎరిగిన పిల్ల, దాన్ని శాస్త్రంగా చదివితే, బయటినుంచి వచ్చిన ఇంజినీరుకు లేని బలం తనకుంటుంది.

ఈసెట్‌తో పాటు డిప్లొమా అర్హతతో రాయగలిగిన రైల్వే జేఈ (జూనియర్ ఇంజినీరు), ఎస్‌ఎస్‌సీ జేఈ, ఏపీపీఎస్సీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఉద్యోగ ప్రకటనలనూ గమనిస్తూ ఉండమనండి. ప్రభుత్వ ఉద్యోగమే గొప్పదని కాదు. మీ భయానికి సూటిగా జవాబు అక్కడొకటుంది. రోడ్డయినా, బడి గదైనా, ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో కొలతలు రాసి సంతకం పెట్టందే బిల్లు కదలదు. ఆ పుస్తకంలో తేదీతో సహా తన పేరు ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఎవరడిగినా తీసి చూపించవచ్చు.

కాంట్రాక్టరు గారికి ఇప్పటికి వద్దనే చెప్పండి. పరీక్షలయ్యాక కాలేజీలో చేరేలోపు కొన్ని వారాలు నేర్చుకోవడానికి పంపుతామంటే తప్పులేదు. పూర్తి ఉద్యోగమే చేయాల్సిన అవసరం ఇంట్లో వస్తే మాత్రం నియామక పత్రం, పీఎఫ్, సైటులో బాత్‌రూమ్, ఇంటికి చేరే ఏర్పాటు, ఈ నాలుగూ ముందే మాట్లాడుకోండి. కాగితం ఇవ్వనంటే ఆ ఉద్యోగం వద్దు. సెలవుల్లో మీ వెంట పనికొచ్చినా సరే, రోజూ ఒక నోటు పుస్తకంలో ఆ రోజు ఏ పని జరిగింది, సిమెంటు ఎన్ని బస్తాలు, ఎవరెవరు చేశారు అని రాయడం అలవాటు చేయించండి. అందులో మీ తోటి ఆడవాళ్ళ పేర్లూ, వాళ్ళు చేసిన పనీ రాయాలి. రేపు సైట్ ఇంజినీరయ్యాక కూలీల హాజరు పట్టీ, అదే మస్టరు, రాసేది తనే. ఒకే పనికి ఆడా మగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. దాన్ని మస్టరులో అమలుచేసే కలం తన చేతిలో ఉంటుంది.

ఇంజినీర్ల దినోత్సవాలు, మహిళా దినోత్సవాలు జరిపే సంఘాల వాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకూ ఒక మనవి. మీ పట్టణంలో కట్టిన వంతెనకో, ఆసుపత్రికో పనిచేసిన ఆడవాళ్ళను, ఇంజినీర్లనూ తాపీ పనివాళ్ళనూ కలిపి, పిలవండి. పేరు చదివి ఊరుకోకుండా, ఫలానా పునాదిలో నీళ్ళు ఊరితే ఈవిడ ఏం చేసింది, ఫలానా స్లాబుకు ఈవిడ ఎన్ని రోజులు నీళ్ళు పట్టింది అని వివరంగా చదవండి.

మీ గురించి మీరేమీ అడగలేదు కానీ నేను చెప్పకుండా ఉండలేను. మీకు లేబర్ కార్డు ఉందా? 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసిన ఎవరైనా భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవచ్చు. కట్టడాల ఖర్చులో నూటికి రూపాయి చొప్పున సెస్సు వసూలు చేసేది మీలాంటివాళ్ళ కోసమే. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు పట్టుకుని మీ ఊరి సచివాలయంలోనో, సహాయ కార్మిక అధికారి కార్యాలయంలోనో అడగండి. పని చేసినట్టు మేస్త్రి చేత రాయించుకునే కాగితం కావాలంటే మీ అమ్మాయి చేత రాయించి ఆయన సంతకం తీసుకోండి.

ఝార్ఖండ్‌లో మరుగుదొడ్లు కట్టే పనిలో వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు తాపీ నేర్చుకుని మేస్త్రులయ్యారు, వాళ్ళను రాణీ మిస్త్రీలంటారు. ఇరవై ఏళ్ళు పక్కనుండి చూసిన మీకు గోడ కట్టుబడి, ప్లాస్టరింగ్ చాలావరకు వచ్చే ఉంటుంది. వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ అనే ఏర్పాటు కేంద్రం నైపుణ్య పథకాల్లో ఉంది. మీ దగ్గరలో ఎప్పుడు పెడుతున్నారో జిల్లా నైపుణ్యాభివృద్ధి కార్యాలయంలో కనుక్కోమని మీ అమ్మాయికి చెప్పండి. ఈసెట్ ర్యాంకు వచ్చాక తన మార్కుల జాబితాతో మళ్ళీ రాయండి, ఏ కాలేజీలు ముందు పెట్టుకోవాలో వరుసగా చెప్తాను.